కోర్టు హాల్లో గోదావరి

ఆ తేదీ నాకు గుర్తే. జూలై ఇరవై రెండు, మంగళవారం. పొద్దున్న అటుకుల ఉప్మా చేసుకుని, నిమ్మచెక్క పిండుకుని తిన్నాను. తిని, నల్లకోటు చేతిమీద వేసుకుని సెషన్సు కోర్టుకు వచ్చేసరికి హాలు మధ్యలోంచి గోదావరి పారుతోంది.

పోలీసులు దాన్ని పొద్దున్నే తెచ్చి అప్పగించారట. కేసులో పట్టుకున్న కత్తులకూ కర్రలకూ కట్టినట్టే దీనికీ ఒక అట్టముక్క కట్టారు. దాని మీద 'ఎం.ఓ. ఒకటి' అని, అంటే కేసులో మొదటి వస్తువని, రాసి ఉంది. దారం రెండో కొస నీళ్ళలోకి దిగి, కనిపించకుండా పోయింది. నీళ్ళు వరద ముందరి ఎరుపులో ఉన్నాయి. జడ్జి గారి వేదిక అవతలి గట్టున ఉంది. ప్లీడర్ల బల్ల, ముద్దాయి బోను, జనం కూర్చునే బెంచీలు ఇవతల ఉన్నాయి. సాక్షి బోను నది మధ్యలో చిన్న ఇసుక మేట మీద ఉంది.

"కట్టలు బల్ల మీద పెట్టుకోండి, తడిసిపోతాయి" అంటాడు బంట్రోతు సింహాద్రి. నా బల్ల కాళ్ళ కింద అతను అప్పటికే ఇటుకలు పెట్టి ఉంచాడు. నేను అడగలేదు.

నాకు అరవై ఐదు. ప్లీడరుగా మాత్రం ఏడాది వయసు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ వెనకే నా భార్య కనకవల్లి పోయింది. సాయంత్రాలు ఏం చేసుకోవాలో తెలియక లా కాలేజీలో చేరాను. ఈ సంగతి తెలిస్తే కనకవల్లి నవ్వేది. వంకాయలమ్మే మనిషితో 'ఇవి పుచ్చులు' అని మొహం మీద అనలేక ప్రతి వారం పుచ్చు వంకాయలే మోసుకొచ్చేవాణ్ణి. ఆవిడ ఏమీ అనకుండా పుచ్చు మేర కోసేసి మిగతాది వండేది. కాలేజీలో నాకు ఆలస్యమైన రోజున వాకిట్లో దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, గడియ మాత్రం పెట్టకుండా పడుకునేది.

ఇది నా మొదటి పెద్ద కేసు. ప్లీడరును పెట్టుకోలేని వాళ్ళకు కోర్టే ఒకరిని ఇస్తుంది. కామాడి నూకరాజుకు నన్నిచ్చింది. నూకరాజు చినలంక రేవులో పడవ నడిపే సరంగు. వేసవిలో ఒక సాయంత్రం గాలివానలో అతని పడవ తిరగబడింది. ములక్కాడలు అమ్ముకునే కోటమ్మ చనిపోయింది. నూకరాజు తాగి ఉన్నాడని, వద్దన్నా వినకుండా పడవ తీశాడని కేసు. రుజువైతే పదేళ్ళ జైలు.

వద్దన్నానని చెపుతున్నది రేవు పాటదారు భాస్కరం. ఏటా పంచాయతీ వేలంలో రేవును పాడుకున్నవాళ్ళే ఆ ఏడాదంతా పడవలు తిప్పుతారు. ఈ ఏడు పాట అతనిది. నూకరాజు చెప్పేది వేరు. గాలి తిరిగింది, తీయనన్నాడట. భాస్కరమే తాడు విప్పి, కాలితో పడవను నీళ్ళలోకి తోశాడట.

సింహాద్రి గుమ్మం దగ్గరకు వెళ్ళి పిలుస్తాడు.

"కామాడి నూకరాజూ... హాజర్..."

నూకరాజు నా పక్కనే బోనులో ఉన్నాడు. "ఆయ్" అంటాడు వెంటనే. కానీ ఆ మాట నది దాటాలి. ప్రవాహం దాన్ని వాలుకు లాక్కుపోతుంది. జడ్జి గారు చెవి ఒగ్గి కూర్చున్నారు. సింహాద్రి రెండోసారి పిలుస్తాడు. నూకరాజు పలుకుతాడు. ఆ మాట కూడా ఎక్కడో దిగువన గట్టుకు తగిలినట్టుంది. మూడో పిలుపుకు కూడా పలుకు అందకపోతే మనిషి లేనట్టే లెక్క, వారెంటు రాస్తారు. మూడోసారి నూకరాజు ఎగువకు తిరిగి, పడవవాళ్ళు అవతలి గట్టును కేకేసినట్టు అరుస్తాడు. అది జడ్జి గారికి అందుతుంది. ఆయన తల ఊపి, ప్యాంటు మడతలు ఇంకొంచెం పైకి జరుపుకుంటారు.

భాస్కరం సాక్షి బోను ఎక్కుతాడు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడిస్తాడు.

"నమస్కారమండి మేష్టారు. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయండి?"

కోర్టుతో మాట్లాడమంటారు జడ్జి గారు. భాస్కరం క్షమాపణ చెప్పుకుంటాడు. అతను నా దగ్గర చదువుకున్నాడు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. కనకవల్లి పోయినప్పుడు చితాభస్మం నది మధ్యలో కలపడానికి అతనే తన పడవ పంపాడు. డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి మూసేసి, "అమ్మగారండి" అన్నాడు. అంతే అన్నాడు.

నేను అతని కాళ్ళు చూస్తున్నాను. ఎడమ చెప్పు పొడిగా ఉంది. కుడి చెప్పు తడిగా ఉంది. పంచె కుడి అంచు నుంచి బొట్లు పడుతున్నాయి. మేట మీద ఎండ బాగానే కాస్తోంది. ఆ అంచు మాత్రం ఆరడం లేదు.

సర్కారు తరఫు ప్లీడరు వసుంధరాదేవి గారు ప్రశ్నలు మొదలుపెడతారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు.

సాక్షి చెప్పిన మాట తప్పనుకుంటే ప్లీడరు లేచి ఎదురుమాట పెట్టాలి. 'మీరు అబద్ధం చెపుతున్నారని నేను అంటున్నాను' అనాలి. సాక్షి 'నిజం కాదు' అంటాడు. రెండూ టైపవుతాయి. ఎదురు పెట్టని మాటను ఒప్పుకున్నట్టే లెక్కవేస్తారు. ఇంతవరకూ అన్ని కోర్టుల్లోనూ ఉన్నదే. ఈ హాల్లో ఇంకొంచెం ఉంది. ఇక్కడ మాటమాటకూ ఆగి ప్లీడరును అడుగుతారు. ఎదురు పెట్టని మాట జరిగిపోతుంది.

"ఆ సాయంత్రం నేను రేవులో లేనండి" అంటాడు భాస్కరం. "పొద్దున్నే నూకరాజుకు చెప్పాను, గాలుంటే తీయొద్దని. చెప్పి మా మేనల్లుడి నిశ్చితార్థానికి వెళ్ళిపోయాను."

"ఎదురుందా?" అంటారు జడ్జి గారు.

నేను లేస్తాను. ఆ వాక్యం నోట్లోకి వస్తుంది. భాస్కరం చేతులు కట్టుకుని, పాఠం వినేవాడిలా నిలబడి నన్ను చూస్తాడు.

"పెళ్ళి ఎప్పుడండీ?" అంటాను.

"మాఘంలోనండి. మీరు తప్పకుండా రావాలి."

టైపిస్టు ఆగుతుంది. జడ్జి గారు చెయ్యి ఊపుతారు. హాల్లో పన్నీరు వాసన వస్తుంది. భాస్కరం లాల్చీ మీద ఎవరో అప్పుడే చిలకరించినట్టు చిన్న చిన్న మచ్చలు పడతాయి. ఇవతలి గట్టు ఇసుకలో, పడవ తాడు కట్టే గుంజ దాకా ఉన్న అతని అడుగులు ఒక్కొక్కటే పూడుకుపోతాయి. నూకరాజు బోను మోకాటి లోతు దిగుతుంది.

నూకరాజు నన్ను చూడడు. గుంజను చూస్తున్నాడు.

"అతను తాగుతాడాండి?" అడుగుతారు వసుంధరాదేవి గారు.

"రోజూనండి. చెప్పడానికి నాకే బాధగా ఉంది."

అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. బాధపడుతున్న మనిషిని అబద్ధం ఆడుతున్నావని ఎలా అనడం? ఎదురుందా అంటారు జడ్జి గారు. నేను కళ్ళజోడు తుడుచుకుంటాను. తుడిచి పెట్టుకునేసరికి నూకరాజు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఊపిరి సారా వాసన కొడుతోంది. జన్మలో ముట్టని మనిషి. తన నోటి దగ్గర అరచెయ్యి పెట్టుకుని వాసన చూసుకుని, ఎవరిదో చొక్కా పొరపాటున తొడుక్కున్నవాడిలా తనను తాను చూసుకుంటాడు. నీళ్ళు అతని నడుం దాకా వచ్చాయి.

వెనక బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. ఆ సాయంత్రం పడవలో ఉన్నవాళ్ళందరూ వచ్చారు. ఒళ్ళో సంచులూ, చంకల్లో పిల్లలూ, కూరగాయల బుట్టలూ. పడవ అంతమందిని మోయదని నూకరాజు మొత్తుకోవడం విన్నవాళ్ళు వాళ్ళే.

"ఎక్కింది పన్నెండు మందేనండి" అంటాడు భాస్కరం. "తరవాత కనుక్కున్నాను."

పన్నెండు మంది కాదనడానికి బెంచీల వైపు చెయ్యి చూపిస్తే చాలు. కానీ చూపించడం చాలదు, అనాలి. నేను చెయ్యి ఎత్తుతాను. జడ్జి గారు నా నోటి వైపు చూస్తారు. భాస్కరం, పరీక్షలో జవాబు తెలియని మేష్టారుకు తనే అందించాలా అన్నట్టు కొంచెం ముందుకు వంగుతాడు. ఆ ఆదరానికి నా చెయ్యి దిగిపోతుంది.

బెంచీల్లో జనం లేస్తారు. ఇంట్లో ఏదో పొయ్యి మీద మర్చిపోయినట్టు, గొడుగులూ సంచులూ సర్దుకుని ఒకరి వెనక ఒకరు బయటికి నడుస్తారు. వాళ్ళు ఆ పడవ ఎక్కలేదు. కాబట్టి ఇక్కడ పనిలేదు. ఒకావిడ గుమ్మం దగ్గర ఆగి, తన పిల్లవాడి తడిసిన జుట్టును ముట్టుకుని, ఎందుకు తడిసిందో తెలియక కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ములక్కాడల బుట్ట ఒకటి బెంచీ మీద ఉండిపోతుంది.

నూకరాజు ఛాతీ దాకా మునిగాడు. బోను కర్ర నా కళ్ళముందే నీళ్ళ కిందికి జారుతుంది.

భోజనాల వేళ అంటారు జడ్జి గారు.

వసుంధరాదేవి గారు నా బల్ల మీద క్యారియరు విప్పి, మూతలో సగం దద్దోజనం పెట్టి నా ముందుకు జరుపుతారు. ఆవిడకు ఈ కోర్టులో ఇరవై ఏళ్ళ పైమాటే.

"జోగారావు గారూ, ఆ మనిషిని ముంచడం నా ఉద్యోగం. తేల్చడం మీది. ఇద్దరం కలిసి ముంచేస్తుంటే జడ్జి గారికి విసుగు పుట్టదూ?"

భాస్కరం మంచివాడంటాను. నా భార్య పోయినప్పుడు ఎంత చేశాడో చెపుతాను. ఆవిడ మెతుకులు కలుపుతూ వింటారు. మంచివాళ్ళే ఎక్కువగా సాక్షి బోనెక్కుతారని, దొంగలు ఎక్కరని, వాళ్ళకు పనులుంటాయని అంటారు. తరవాత తన ఊరమిరపకాయ కూడా తీసి నా మూతలో పెడతారు.

నేను ఒక అరటిపండు తీసుకుని నూకరాజు దగ్గరకు వెళ్తాను. అతని చేతులు నీళ్ళ కింద కర్రను పట్టుకుని ఉన్నాయి. వదిలితే కొట్టుకుపోతాడు. నేనే ఒలిచి తినిపిస్తాను. నమిలి మింగి, నెమ్మదిగా మాట్లాడతాడు. సారా వాసన కొడుతూనే ఉంది, మాట మాత్రం తేటగా ఉంది.

"అమ్మగారి అస్తికలు తెచ్చిన్నాడు మిమ్మల్ని దాటించింది నేనేనండి. గుర్తుందాండి?"

గుర్తుంది. నది మధ్యకు వచ్చాక అతను ఇంజను ఆపేశాడు. ఎందుకని అడిగితే, ఆ చప్పుళ్ళో ఎలా వదులుతారండి అన్నాడు. పడవ చాలాసేపు ఊరికే తేలింది. అతను అటు తిరిగి కూర్చుని, నా పని అయ్యేదాకా ఇటు చూడలేదు.

"మీరు మర్యాదస్తులండి" అంటాడు నూకరాజు. "కాదనను. కానండి, మీ మర్యాద నా పీక దాకా వచ్చేసిందండి మేష్టారూ."

నిజమే. గంట కొట్టకముందే నీళ్ళు అతని మెడకు తగులుతున్నాయి.

మధ్యాహ్నం హాలు పొడుగు పెరుగుతుంది. జడ్జి గారు అరచేతి ప్రమాణంలో కనిపిస్తున్నారు. గాలి లేస్తుంది. నా కాగితాలు ఎగరకుండా సింహాద్రి వాటిమీద తన భుజం పట్టీకున్న ఇత్తడి డవాలు బిళ్ళ తీసి పెడతాడు.

"చివరి ప్రశ్న" అంటారు వసుంధరాదేవి గారు. అంటూ నన్ను చూస్తారు. "పడవ తాడు విప్పిందెవరు?"

"నూకరాజేనండి" అంటాడు భాస్కరం. "ఇంకెవరు విప్పుతారండి?"

"ఎదురుందా?" ఆ మాట నది దాటి వచ్చేసరికి పల్చబడిపోయింది. నూకరాజు గడ్డం పైకెత్తి పెట్టుకున్నాడు. అలలు కింది పెదవిని తాకుతున్నాయి. అతను ఊపిరి పీల్చి బిగబట్టడం చూస్తున్నాను. పడవవాడు కాబట్టి ఎంతసేపు బిగబట్టాలో అతనికి తెలుసు. కానీ ఇది పదేళ్ళు.

నేను లేస్తాను. మేట మీద భాస్కరం చేతులు కట్టుకున్నాడు. లాల్చీకి పన్నీరు మచ్చలున్నాయి. అడుగులు పూడిపోయాయి, జనం వెళ్ళిపోయారు. అతని కుడి చెప్పు మాత్రం ఇంకా తడిగా ఉంది. పొద్దుటి నుంచీ దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడనిది ఏదీ ఇక్కడ మారలేదు.

కనకవల్లి పుచ్చు మేర కోసేసి మిగతాది వండేది. వంకాయను తిట్టేది కాదు.

"భాస్కరం గారూ" అంటాను. "ఆ సాయంత్రం మీరు రేవులోనే ఉన్నారని, గాలికి పడవ తీయనని నూకరాజు చెప్పినా వినలేదని, మీ చేత్తో తాడు విప్పి, కుడికాలితో పడవను తోశారని నేను అంటున్నాను. ఇప్పుడు కోర్టులో అబద్ధం చెపుతున్నారని అంటున్నాను. ఏమీ అనుకోకండి."

టైపిస్టు చేతులెత్తి, ఆఖరి మాట కూడా కొట్టాలా అని అడుగుతుంది.

"కొట్టమ్మా" అంటారు జడ్జి గారు. "సాక్షి జవాబు?"

చెప్పవలసింది రెండు మాటలు. నిజం కాదు. భాస్కరం నోరు తెరుస్తాడు. మాటకు బదులు తాడు కొస బయటికి వస్తుంది. కొబ్బరిపీచు తాడు, తడిసి నల్లబడింది. మర్యాదగా పక్కకు తిరిగి దాన్ని లాగుతాడు. ఇంకా వస్తుంది. రెండు చేతులతో, నూతిలోంచి చేద లాగినట్టు లాగుతాడు. తాడు అతని కాళ్ళ దగ్గర చుట్టలుగా పడుతోంది. తెగిన తాడు కాదు. ముడి విప్పిన వంపు ఇంకా దానిలో ఉంది.

నీళ్ళు నూకరాజు ముక్కు దాకా వచ్చాయి. అతని కళ్ళు నా మీద ఉన్నాయి.

జడ్జి గారు సింహాద్రికి సైగ చేస్తారు. సింహాద్రి గుమ్మం దగ్గరకు నడుస్తాడు. ఇంత నెమ్మదిగా ఎవరూ నడవకూడదు.

"భాస్కరం గారి జవాబూ... హాజర్..."

తాడు వస్తూనే ఉంది.

"భాస్కరం గారి జవాబూ... హాజర్..."

నూకరాజు తల మునిగింది. జుట్టు మాత్రం నీటి మీద నాచులా పరుచుకుని ఉంది. నేను బల్ల వదిలి ఛాతీ లోతు నీళ్ళలోకి వెళ్తాను. నీళ్ళ కింద అతని మణికట్టు దొరుకుతుంది. పట్టుకుంటాను. లాగడానికి నాకు బలం లేదు. పట్టుకోవడం ఒక్కటే చేస్తున్నాను.

"భాస్కరం గారి జవాబూ..."

భాస్కరం చెయ్యి ఎత్తుతాడు, ఒక్క క్షణం ఆగమన్నట్టు. తరగతిలో కూడా అలాగే ఎత్తేవాడు.

"...హాజర్."

మూడు పిలుపులూ అయిపోయాయి. జవాబు రాలేదు. కోర్టు దృష్టిలో జవాబు లేదు. నా మాటకు ఎదురు లేదు.

ముందు పన్నీరు వాసన పోతుంది. ఇసుకలో అడుగులు గుంజ దాకా మళ్ళీ తేలుతాయి, కుడి అడుగు లోతుగా. గుమ్మంలోంచి జనం తోసుకుంటూ వచ్చి, ఎక్కడివాళ్ళు అక్కడ బెంచీల్లో కూర్చుంటారు. పిల్లవాడి జుట్టు తుడిచినావిడ, ఇప్పుడు గుర్తొచ్చి, వాణ్ణి గట్టిగా పొదువుకుంటుంది. బోను పైకి లేస్తుంది. నూకరాజు దగ్గుతూ, నీళ్ళు కక్కుతూ తేలతాడు. అతని ఊపిరిలో అరటిపండు వాసన తప్ప ఇంకేమీ లేదు.

ములక్కాడల బుట్ట పక్కన చోటు ఖాళీగానే ఉంది. కోటమ్మ చనిపోలేదని ఎవరూ అనలేదు.

"ముద్దాయి దిగవచ్చు" అంటారు జడ్జి గారు. భాస్కరాన్ని ఇద్దరు కానిస్టేబుళ్ళు మేట మీంచి దింపుతారు. తాడు చుట్ట వాళ్ళే మోస్తారు. నా ముందు నుంచి వెళ్తూ అతను చేతులు జోడించబోతాడు. తాడు అడ్డం వస్తుంది. నేనే జోడిస్తాను.

"డిఫెన్సు వారు ఇంకేమైనా అనాలా?"

నేను నీళ్ళలోనే నిలబడి ఉన్నాను. ఒకటుంది. ఇక్కడ ఎవరూ ఎదురు చెప్పకపోతే అది జరుగుతుంది. వసుంధరాదేవి గారు కళ్ళు దించుకుని చీర కొంగు పిండుకుంటున్నారు. ఆవిడ ఎదురు చెప్పరు. జడ్జి గారు చెప్పరు. 'నా భార్య ఇంట్లోనే ఉందని నేను అంటున్నాను.' అంతే, ఒక్క వాక్యం.

కానీ ఇక్కడ అన్న ప్రతిదాన్నీ ఎప్పుడో ఒకరు పరీక్షించాలి. కనకవల్లిని ఆ మేట ఎక్కిస్తారు. ఎవరో నాలాంటి కొత్త ప్లీడరు లేచి, ఏమీ అనుకోకండమ్మా, మీరు చనిపోయారని నేను అంటున్నాను అంటాడు. నిజం కాదు అని ఆవిడ చెప్పాలి. ఆవిడ అబద్ధం చెప్పదు.

"ఏమీ లేదండి" అంటాను.

జడ్జి గారు లేస్తారు. టైపిస్టు యంత్రానికి గుడ్డ కప్పుతుంది. ములక్కాడల బుట్టను నూకరాజు తన నెత్తిన పెట్టుకుంటాడు. కోటమ్మ కూతురికి ఇచ్చి వస్తానంటాడు.

పొద్దు వాలుతోంది. సింహాద్రి గోదావరిని ఎగువ కొస నుంచి చుట్టడం మొదలుపెడతాడు, తడి జంపఖానా చుట్టినట్టు, చేపలు నలగకుండా మెల్లగా. కేసు వస్తువులు భద్రపరిచే గదిలోకి దాన్ని మోసుకెళ్ళి పరుస్తాడు. వెనక నేనూ నూకరాజూ వెళ్తాం. అక్కడ గొడ్డళ్ళూ సైకిళ్ళూ గోడకు చేరవేసి ఉన్నాయి. వాటి మధ్య నది ఒళ్ళు విరుచుకుని పడుకుంటుంది. గది చిన్నదే, అయినా అవతలి గట్టు బాగా దూరంగా ఉంది. అట్టముక్క దారం ఆ గట్టు దాకా వెళ్ళింది. ఒక ఇంటి వాకిట్లో స్తంభానికి కట్టి ఉంది. స్తంభం మీద దీపం వెలుగుతోంది. అది మా ఇల్లు.

నూకరాజు నీళ్ళలోకి ఒక అడుగు వేసి, వెనక్కి తిరుగుతాడు.

"దింపమంటారాండి? ఇంజను వెయ్యనులెండి, తెడ్డుతోటే పోదాం."

"ఇవాళ వద్దులే నూకరాజూ. ఇంకా కేసులున్నాయి."

"ఆయ్" అంటాడు. అటు తిరిగి నిలబడతాడు.

అవతల కనకవల్లి వాకిట్లోకి వస్తుంది. చేతిలో కత్తిపీట ఉంది, ఒళ్ళో వంకాయలు. నది వైపు ఒకసారి చూసి, నాకు ఆలస్యమవుతుందని తెలిసినట్టు తల ఊపుతుంది. దీపం ఆర్పుతుంది. లోపలికి వెళ్ళి తలుపు నెమ్మదిగా దగ్గరకు వేస్తుంది. ఇంత దూరం నీళ్ళ మీదుగా కూడా రెక్కలు కలిసిన చప్పుడు నాకు అందుతుంది. నేను ఇంకా వింటున్నాను. గడియ పడిన చప్పుడు రాదు.